బస్టాండ్‌లో ఇంకో పోలీసు కావాలా? జీతం ఎవరిస్తారు? కరీంనగర్, ఆదిలాబాద్ లెక్క ఇదీ!

బస్టాండ్‌లో గొడవైనా, రైల్లో బ్యాగు పోయినా, రాత్రిపూట ఒంటరిగా వచ్చే ఆడపిల్లను ఎవడైనా వెంబడించినా జనం నోట వచ్చేది ఒకే మాట. ఇక్కడ ఒక్క పోలీసునైనా పెట్టరా? ఆ వెంటనే లీడర్ల హామీలు వస్తాయి. కొత్తగా సిబ్బందిని తీసుకుంటాం, నిఘా పెంచుతాం అంటారు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా అక్కడ కొత్త ముఖం కనబడదు.

దీనికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. అసలు చిక్కు డబ్బులో ఉంది. ప్రయాణికుల భద్రత అనేది పేరుకు ఒకటే పని. దానికి డబ్బులిచ్చే జేబులు మాత్రం నాలుగైదు. ఎవరి జేబులోంచి జీతం వస్తే ఆ పోలీసు వాళ్ల పరిధిలోనే ఉంటాడు. కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల్లో ఈ లెక్క ఎలా నడుస్తోందో చూద్దాం.

ట్రాన్సిట్ పోలీస్ అనే ఉద్యోగమే లేదు

ముందుగా తెలుసుకోవాల్సిన విషయం ఇది. బస్సులు, రైళ్లు, రోడ్లు అన్నింటినీ కలిపి చూసుకునే ప్రత్యేక ప్రయాణ పోలీసు విభాగం మన దగ్గర లేదు. పని ముక్కలుముక్కలుగా పంచి ఉంది.

- బస్టాండ్, ఆటో స్టాండ్, ఊళ్లోని రోడ్డు: స్థానిక పోలీస్ స్టేషన్, ట్రాఫిక్ పోలీసులు. కరీంనగర్‌లో వీళ్లు పోలీస్ కమిషనర్ కింద, ఆదిలాబాద్‌లో జిల్లా ఎస్పీ కింద పనిచేస్తారు.
- మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలు: రామగుండం కమిషనరేట్.
- బస్సు, డిపో, ఆర్టీసీ ఆస్తులు: ఆర్టీసీ సొంత భద్రతా సిబ్బంది.
- రైల్లో దొంగతనం, దాడి, వేధింపు: గవర్నమెంట్ రైల్వే పోలీస్, అంటే జీఆర్పీ.
- రైల్వే ఆస్తుల రక్షణ, స్టేషన్లలో, రైళ్లలో కాపలా: రైల్వే ప్రొటెక్షన్ ఫోర్స్, అంటే ఆర్పీఎఫ్.

ట్రాఫిక్ పోలీసు అనేది కూడా విడిగా భర్తీ చేసే ఉద్యోగం కాదు. పోలీసు శాఖలో ఉన్నవాళ్లనే ట్రాఫిక్‌కు పంపుతారు. చౌరస్తాలో ఒక కానిస్టేబుల్ పెరిగాడంటే, కొత్త పోస్టు రాకపోతే, ఇంకెక్కడో ఒక కానిస్టేబుల్ తగ్గినట్టే.

కేంద్రం ఇప్పించొచ్చు కదా?

కరీంనగర్ జనం తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎంపీ బండి సంజయ్ 2024 జూన్ నుంచి కేంద్ర హోంశాఖ సహాయ మంత్రిగా ఉన్నారు. మరి ఢిల్లీ నుంచి పోలీసుల నియామకానికి నిధులు తేవచ్చు కదా అనేది చాలామంది మాట.

ఇక్కడ రాజ్యాంగం అడ్డొస్తుంది. ఏడో షెడ్యూల్‌లోని రాష్ట్ర జాబితాలో రెండో అంశం పోలీసు. అందులో రైల్వే పోలీసు, గ్రామ పోలీసు కూడా కలిసే ఉంటాయని స్పష్టంగా రాసి ఉంది. అంటే పోలీసును తీసుకోవడం, జీతం ఇవ్వడం రాష్ట్రం పని.

కేంద్రం డబ్బులు అస్సలు రావా అంటే వస్తాయి. పోలీసు బలగాల ఆధునీకరణ పథకం 1969-70 నుంచి ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది. కానీ ఆ డబ్బు ఆయుధాలు, కమ్యూనికేషన్ పరికరాలు, ఫోరెన్సిక్ సామగ్రి, శిక్షణ లాంటి వాటికి. కొత్త కానిస్టేబుల్‌కు నెలనెలా జీతం ఇవ్వడానికి కాదు.

మహిళల భద్రత కోసం నిర్భయ నిధి ఉంది. అందులోంచి సేఫ్ సిటీ ప్రాజెక్టు తెచ్చారు. దేశంలో దానికి ఎంపికైనవి ఎనిమిది నగరాలు: ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, అహ్మదాబాద్, లక్నో. ఢిల్లీ తప్ప మిగతాచోట్ల కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి. తెలంగాణ నుంచి హైదరాబాద్ ఒక్కటే ఆ జాబితాలో ఉంది. కరీంనగర్ లేదు, ఆదిలాబాద్ లేదు.

ఇక కరీంనగర్ 2017 జూన్‌లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. ఆ మిషన్ కింద రోడ్లు, కెమెరాలు, కమాండ్ కంట్రోల్ లాంటి పనులకు డబ్బులు వచ్చాయి. అయితే స్మార్ట్ సిటీ డబ్బు కట్టడాలకు, పరికరాలకే. ఆ మిషన్ గడువు కూడా 2025 మార్చి 31తో ముగిసింది.

ఒక్క మాటలో చెప్పాలంటే కెమెరా కొనడానికి ఢిల్లీ డబ్బు దొరుకుతుంది. ఆ కెమెరాలో కనబడ్డ దొంగ వెంట పరిగెత్తే మనిషి జీతం మాత్రం హైదరాబాద్ ఖజానా నుంచే రావాలి.

ఒక్క పోస్టు వెనక 30 ఏళ్ల ఖర్చు

2025-26 రాష్ట్ర బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్ల రూపాయలు. అందులో హోంశాఖకు చూపించింది 10,188 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ పోలీసు శాఖ ఖర్చులో పెద్ద వాటా ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ల జీతభత్యాలకే పోతుంది. కొత్తవాళ్ల కోసం మిగిలేది ఎప్పుడూ తక్కువే.

కానిస్టేబుల్ పే స్కేల్ 24,280 నుంచి 72,850 రూపాయల వరకు ఉంది. మొదటి మెట్టు బేసిక్ ఒక్కటే లెక్కేసినా ఏడాదికి 2,91,360 రూపాయలు. వంద మందిని తీసుకుంటే బేసిక్‌కే సుమారు 2.91 కోట్లు. దానిపైన డీఏ, ఇంటి అద్దె భత్యం, ఇంక్రిమెంట్లు, పెన్షన్ ఖాతాలో ప్రభుత్వ వాటా, శిక్షణ, యూనిఫాం. ఒకసారి పోస్టు ఇచ్చారంటే ఆ ఖర్చు 30 ఏళ్లకు పైగా నడుస్తుంది.

అందుకే ఏ కొత్త పోస్టుకైనా ఫైలు ఆర్థిక శాఖ దాటాలి. పోలీసు శాఖ ఎన్ని పోస్టులు అడిగినా, ఆర్థిక శాఖ అనుమతి జీవో వచ్చేదాకా అది కాగితమే. లీడర్లు చెప్పే మంజూరుకు, ఆ జీవోకు తేడా ఉంది. మొదటిది మాట, రెండోది డబ్బు.

జీవో వచ్చినా ఎన్నాళ్లు పడుతుంది?

దీనికి 2022 నోటిఫికేషనే మంచి ఉదాహరణ. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 ఏప్రిల్ 25న 16,614 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో 16,027 కానిస్టేబుల్ స్థాయి, 587 ఎస్సై స్థాయి పోస్టులు.

- 2022 ఆగస్టు 28: కానిస్టేబుల్ ప్రిలిమినరీ పరీక్ష
- 2023 అక్టోబర్ 4: తుది ఫలితాలు, 15,750 మంది ఎంపిక
- 2024 ఫిబ్రవరి 14: హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాల పంపిణీ
- 2024 ఫిబ్రవరి 21: శిక్షణ మొదలు
- 2024 నవంబర్ 21: 8,047 మంది కానిస్టేబుళ్ల పాసింగ్ అవుట్ పరేడ్

నోటిఫికేషన్ నుంచి పరేడ్ దాకా దాదాపు 31 నెలలు. మధ్యలో దేహదారుఢ్య పరీక్షలు, మెయిన్స్, ప్రశ్నల మీద కోర్టు కేసులు, అసెంబ్లీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. శిక్షణే తొమ్మిది నెలలు. అంటే ఈ రోజు ప్రకటన వచ్చినా ఆ పోలీసు రేపటి పండుగ రద్దీకి రాడు. బహుశా ఆ పై ఏడాదికీ రాడు.

రైల్లో లెక్క వేరు: సగం రాష్ట్రం, సగం రైల్వే

ఉత్తర తెలంగాణలో నిజంగా ప్రయాణ పోలీసు అనదగ్గ బలగం జీఆర్పీ. కాజీపేట - బల్లార్షా లైన్‌లో జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ మీదుగా రోజూ దూరప్రాంత రైళ్లు నడుస్తాయి. ఈ రైళ్లలో సెల్‌ఫోన్ పోయినా, మెడలో గొలుసు తెంపుకుపోయినా కేసు కట్టేది జీఆర్పీ.

వీళ్లు రాష్ట్ర పోలీసులే. కానీ ఖర్చు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరి సగం భరిస్తాయి. వినడానికి బాగానే ఉంది కదా! ఇందులోనే ఒక మెలిక ఉంది. సిబ్బంది సంఖ్యకు రైల్వే ఆమోదం ఉంటేనే రైల్వే తన సగం ఇస్తుంది. రాష్ట్రం తనంతట తాను పోస్టులు పెంచితే ఆ భారం రాష్ట్రం మీదే పడొచ్చు. రైల్వే అవసరం ఉందన్నా రాష్ట్రం మనుషుల్ని ఇవ్వకపోతే కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. ఇద్దరు డబ్బులిచ్చేచోట ఇద్దరూ ఒప్పుకోవాలి.

ఆర్పీఎఫ్ కథ వేరు. అది పూర్తిగా కేంద్ర బలగం, జీతం రైల్వేదే. 2024 ఏప్రిల్ 15 నుంచి మే 14 వరకు 4,208 కానిస్టేబుల్, 452 ఎస్సై పోస్టులకు దేశవ్యాప్తంగా దరఖాస్తులు తీసుకున్నారు. కానిస్టేబుల్ రాత పరీక్ష 2025 మార్చిలో జరిగింది. ఇవి దేశమంతటికీ కలిపి. ఫలానా స్టేషన్‌కు ఇంతమంది అని లెక్క ఉండదు.

ఆదిలాబాద్‌కు ఇంకో తిప్పలు ఉంది. ఆదిలాబాద్ స్టేషన్ దక్షిణ మధ్య రైల్వేలో నాందేడ్ డివిజన్ కింద ఉంది. రైలు కదిలి కాసేపటికి తెలంగాణ దాటి కిన్వట్ వైపు మహారాష్ట్రలోకి వెళ్తుంది. తిరుపతి వెళ్లే కృష్ణా ఎక్స్‌ప్రెస్ కూడా మహారాష్ట్ర మీదుగా తిరిగి నిజామాబాద్ దగ్గర మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. హద్దు దాటితే జీఆర్పీ కూడా మారుతుంది. రైలు అదే, సీటు అదే, పోలీసు మాత్రం వేరే రాష్ట్రం వాళ్లు.

ఇలాంటప్పుడు మా పరిధి కాదు అనే మాట వినాల్సిన పని లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 173 ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత వాళ్లే సంబంధిత స్టేషన్‌కు పంపుతారు.

బస్సుల్లో రద్దీ పెరిగింది, మరి పోలీసులు?

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. 2025 జూలై నాటికి జీరో టికెట్ల సంఖ్య రాష్ట్రవ్యాప్తంగా 200 కోట్లు దాటింది. ఆ ప్రయాణాల విలువను 6,680 కోట్ల రూపాయలుగా ప్రభుత్వం చెప్పింది.

ఇంతమంది ఆడవాళ్లు బయటికి వచ్చి చదువుకు, కూలికి, ఆస్పత్రికి పోవడం మంచిదే. బస్టాండ్లలో జనం కూడా పెరిగారు. సీట్ల గొడవలు, జేబుదొంగలు, చీకటి పడ్డాక బస్సు దిగే ఆడపిల్లల భద్రత... ఇవన్నీ దానితోపాటు చూసుకోవాల్సిన పనులు.

అయితే మహాలక్ష్మి డబ్బు టికెట్ బదులు ఆర్టీసీకి ఇచ్చే డబ్బు. అందులో పోలీసు ఖర్చు లేదు. ఆర్టీసీకి సొంత భద్రతా సిబ్బంది ఉన్నా వాళ్లు ఎఫ్ఐఆర్ రాసే పోలీసులు కాదు. గొడవను ఆపగలరు, దొరికినవాణ్ని అప్పగించగలరు. కేసు మాత్రం స్థానిక స్టేషన్‌లోనే. రవాణా శాఖ పొన్నం ప్రభాకర్ దగ్గర, హోంశాఖ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దగ్గర ఉన్నాయి. ప్రయాణికుల్ని పెంచే పథకం ఒక శాఖది, వాళ్లకు కాపలా ఇంకో శాఖది. రెండు ఫైళ్లు కలిస్తేనే బస్టాండ్‌లో మనిషి నిలబడతాడు.

దగ్గరి దారి: హోంగార్డులు

రెగ్యులర్ పోస్టులు ఆలస్యమైతే ప్రభుత్వాలు పట్టుకునే దారి హోంగార్డులు. 2025 జనవరి నుంచి వీళ్ల రోజు భత్యం 921 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. నెలంతా డ్యూటీ చేస్తే 30,000 వరకు వస్తుంది. కానిస్టేబుల్ బేసిక్ కంటే ఇది ఎక్కువలా కనిపిస్తుంది. కానీ వీళ్లకు పే స్కేల్ లేదు, ఏటా ఇంక్రిమెంట్ లేదు. రెగ్యులర్ ఉద్యోగి పెన్షన్ లేదు. ఎండలో చౌరస్తాలో నిలబడే పని మాత్రం ఒకటే.

హైదరాబాద్‌లో 2024 డిసెంబర్‌లో ఇదే దారిలో ఒక కొత్త అడుగు పడింది. శారీరక పరీక్షలు పెట్టి 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. జీతభత్యాలు హోంగార్డుల తరహాలోనే. నెలల్లోనే వాళ్లు రోడ్డు మీదికి వచ్చారు. 31 నెలలు పట్టే పనితో పోలిస్తే ఇది చాలా వేగం. అయితే ట్రాఫిక్ ఆపే అధికారం వేరు, కేసు దర్యాప్తు చేసే అధికారం వేరు. రద్దీకి వీళ్లు సాయం. నేరానికి మాత్రం పోలీసే కావాలి.

చలాన్ల డబ్బు ఏమవుతోంది?

ఇన్ని ఫైన్లు వేస్తున్నారు కదా, ఆ డబ్బుతోనే పోలీసుల్ని పెట్టుకోవచ్చు కదా! ఇదీ జనం అడిగేదే. చలాన్ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది. కరీంనగర్‌లో కట్టిన ఫైన్ కరీంనగర్ పోలీసుల జీతంగా మారదు. పైగా ఫైన్ల మీద ఆదాయం ఏటా ఒకేలా ఉండదు. 2023 డిసెంబర్ చివర్లో పెండింగ్ చలాన్ల మీద టూవీలర్లకు 80 శాతం, ఆర్టీసీ బస్సులకు 90 శాతం దాకా రాయితీ ఇచ్చిన సంగతి తెలిసిందే. ఇలా పెరిగీ తగ్గే డబ్బు మీద 30 ఏళ్ల జీతాలు నిలబెట్టడం కష్టం.

మిగతా దేశాల్లో ఎలా?

అమెరికాలోనూ ఇదే పంచాయితీ. 2025 జనవరిలో న్యూయార్క్ గవర్నర్ కాథీ హోకుల్ రాత్రి సబ్‌వే రైళ్లన్నింటిలో ఇద్దరేసి పోలీసులను ఆరు నెలలపాటు పెడతామన్నారు. ఖర్చు 15.4 కోట్ల డాలర్లు. రాష్ట్రం సగం, నగరం సగం. మన జీఆర్పీ లెక్కలాగే!

అక్కడ కేంద్రం 1994 నుంచి కాప్స్ అనే పథకం కింద స్థానిక పోలీసుల నియామకానికే గ్రాంట్లు ఇస్తోంది. మొదటి మూడేళ్లు జీతంలో 75 శాతం వరకు కేంద్రం, మిగతాది నగరం. మూడేళ్ల తర్వాత భారం మొత్తం నగరానిదే. మన ఆధునీకరణ పథకంలో లేనిది ఇదే. బ్రిటన్‌లో అయితే రైళ్ల కోసం బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీస్ అని విడిగా ఉంది. దాని ఖర్చులో ఎక్కువ భాగం రైళ్లు నడిపే సంస్థలే కడతాయి.

ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లకు

కరీంనగర్ గ్రౌండ్లలో, ఆదిలాబాద్ స్టేడియంలో తెల్లవారుజామున పరుగులు తీసే వేలమందికి ఈ లెక్క తెలియడం అవసరం. ట్రాఫిక్ పోలీస్ నోటిఫికేషన్ అని విడిగా ఎవరైనా చెబితే నమ్మి డబ్బులు కట్టొద్దు. రెగ్యులర్ కానిస్టేబుల్ పోస్టు నియామక మండలి నోటిఫికేషన్ ద్వారానే వస్తుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానిక కేడర్ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. ఆర్పీఎఫ్ కావాలంటే రైల్వే నోటిఫికేషన్ చూడాలి. అక్కడ పోటీ దేశమంతటితో.

ఇకపై హామీ వింటే ఇవి అడగండి

కొత్త పోలీసులు వస్తున్నారని ఎవరైనా మైకులో చెబితే నాలుగు ప్రశ్నలు చాలు.

1. ఆర్థిక శాఖ జీవో వచ్చిందా? ఎన్ని పోస్టులు?
2. రెగ్యులర్ కానిస్టేబుళ్లా, హోంగార్డులా?
3. రైల్వే స్టేషన్ అయితే రైల్వే తన సగానికి ఒప్పుకుందా?
4. కొత్తగా వస్తున్నారా, పక్క స్టేషన్ నుంచి మారుస్తున్నారా?

ఈ నాలుగింటికీ జవాబు ఉంటే అది నియామకం. లేకపోతే అది వార్తే.

అప్పటిదాకా ఫోన్‌లో రెండు నంబర్లు సేవ్ చేసుకోండి. రైల్లో ఏం జరిగినా 139. బస్సులో, రోడ్డు మీద ఎక్కడైనా 112. రాత్రిపూట ఆపద వచ్చినప్పుడు ఆ పోలీసు జీతం ఎవరిస్తున్నారని ప్రయాణికుడు ఆలోచించాల్సిన పని లేదు. ఆ లెక్క తేల్చుకోవాల్సింది హైదరాబాద్, ఢిల్లీ ఆఫీసులే.